ఆవలి ఒడ్డు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు తెలుగు చేసిన ఫిలిప్పీన్స్ కథ అందింది. పదకొండో పేజీ దాకా ఓపికగానే చదివాను. అక్కడ ‘ఆమె మోకాటి లోతు బురదలో వంగి వరిని పరారోపణం చేస్తోంది’ అన్న వాక్యం తగిలేసరికి కాగితాలు బల్ల మీద పడేసి కాసేపు వరండాలో పచార్లు చేశాను. మీ అమ్మమ్మగారిది వరి పండే ఊరని నీ ఉత్తరంలో నీవే రాశావు. ఆకుమడిలోంచి ఆకు తీసి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలోకి విసిరితే, ఆడవాళ్లు వరుసగా వంగి వెనక్కి నడుస్తూ ఊడ్చడం నీవు చూడకపోలేదు. గోదావరి జిల్లాల్లో ఊడ్పులంటారు, తెలంగాణలో నాట్లంటారు. ఆ మాటలు ఇంట్లో ఉండగా ఈ పరారోపణం ఎందుకు? మూలంలో ట్రాన్స్‌ప్లాంట్ అని ఉండగా, నిఘంటువులో ‘ట్రాన్స్’ అంటే ఆవలికి అని చూసి, ‘పర’ తెచ్చి, దానికి మొక్క నాటడాన్ని అతికించి ఉంటావు. పత్రికలు చదివే తెలుగువాడికి మాత్రం ఆరోపణ అంటే నిందే తోస్తుంది. పాపం ఆవిడ వరి మీద ఏదో నేరం మోపుతోందనుకుంటాడు.

‘ట్రాన్స్’ అన్న లాటిన్ ముక్కను చూసి మోసపోవద్దు. అది దారి మాత్రమే చూపిస్తుంది, పని చేసేది దాని వెనకనున్న క్రియ. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ అన్న రెండింటి వెనకా ఉన్నది మోయడమనే అర్థం గల ‘ఫెర్రె’ అన్న ఒకే క్రియ. ‘లాతుస్’ దాని భూతకాల రూపం. లాటిన్‌లో అవి తోబుట్టువులు. తెలుగులో మొదటిది బదిలీ, రెండోది అనువాదం. వాటికి చుట్టరికం లేదు, కలపవలసిన అవసరమూ లేదు. బదిలీ అరబ్బీ నుంచి, రవాణా పారశీకం నుంచి ఉర్దూ మీదుగా సర్కారు కచేరీల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. అనువాదమంటే ఒకరి వెంబడి పలకడం, తెనిగించడమంటే తెలుగు చేయడం. మన మాటల్లో ఈ పనికి ఒడ్డు దాటించడమన్న ఊహే లేదు. ఇటాలియన్లు అనువాదకుణ్ణి ద్రోహి అని వెక్కిరించే ‘త్రదుత్తోరే, త్రదితోరే’ అన్న నానుడిలో రెండు మాటలకూ మొదట ఉన్నది ఆ ‘ట్రాన్స్’ ముక్కే: ఒకడు ఆవలికి నడిపించుకుపోయేవాడు, రెండోవాడు ఆవలివాడికి అప్పగించేవాడు. ఆ చమత్కారాన్ని తెలుగులో పెట్టబోతే చచ్చిపోతుంది.

ప్రత్యయాలను మాట వెనక చేర్చుకోవడం తెలుగు స్వభావం. మాట ముందు అతికించే ఉపసర్గలు ఇరవై రెండూ సంస్కృతం సొత్తు. ఒక్కచోట మాత్రం అతుకు అందంగా కుదిరింది. ట్రాన్స్‌పరెంట్‌లో ‘పారేరె’ అంటే కనిపించడం, మన పారదర్శకంలో ‘పారం’ అంటే ఆవలి ఒడ్డు. రెండు భాషలూ ఒకే ఏటి ఒడ్డున నిలబడి చూసినట్టుంటుంది. ఆ ఒక్క విజయం చూసుకుని మన పరిభాషల పెద్దలు వృక్షశాస్త్రం చదివే పిల్లల నోట ట్రాన్స్‌పిరేషన్‌కు బదులు బాష్పోత్సేకం కుక్కారు. ఆకు ఆవిరి వదులుతుందంటే వాళ్లకు అర్థం కాదా?

ఈ విషయంలో నా మీదా ఒక కేసు ఉంది. వారపత్రికలో చేరిన కొత్తలో ఆరోగ్య వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ ‘రక్తం ఎక్కించడం’ అని రాశాను. మా సంపాదకుడు (పేరెందుకు, పోయిన మనిషి) ‘ఇది ఆసుపత్రి ఆయాల భాష’ అని కొట్టేసి, ఎర్ర సిరాతో ‘రక్త మార్పిడి’ అని దిద్దారు. నేనూ ఊరుకున్నాను. ఆరు నెలలకు మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరుగారు రెండు సీసాల రక్తం కావాలన్నారు. కొడుకు రాసిందని దాచుకున్న ఆ పత్రికను దిండు కింద నుంచి తీసి ఆవిడ నన్ను అడిగింది: ‘అయితే నా ఒంట్లో ఉన్నదంతా తీసేస్తార్రా?’ లాటిన్‌వాడు అక్కడ ట్రాన్స్‌ఫ్యూజన్ అని చెప్పినది ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడం. మార్పిడి అన్నది మేము కల్పించుకున్నది. ఆవిడను ఒప్పించడానికి ఒక పూట పట్టింది.

అలాగని మార్పిడి అన్న మాట ఎక్కడా పనికిరాదనను. గుండె మార్పిడి అక్షరాలా నిజం. కిడ్నీ మార్పిడిలో పాత కిడ్నీలను సాధారణంగా లోపలే వదిలేసి కొత్తదాన్ని కింద పొత్తికడుపు వైపు అమరుస్తారు కనుక అక్కడ మార్చేదేమీ లేదు. అయినా జనం నోట నిలిచింది కాబట్టి దిద్దడానికి నేనెవణ్ణి? అరువు మాటలంటేనూ నాకు కోపం లేదు. 1948లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ పియర్స్ ట్రాన్సిస్టర్ అని పేరు పెట్టినది వేలెడంత లేని పరికరానికి. మా నాన్న మాత్రం రేడియో మొత్తాన్నీ ట్రాన్సిస్టరనే పిలిచి, భుజాన తగిలించుకుని చేలోకి వెళ్లేవాడు. అది మా ఊరి మాటే అయింది. నాకు ఒళ్లు మండేది నేటి ఫ్యాషన్‌ను చూసి. మా కాలపు సంపాదకులు సంస్కృతం మోపితే, ఇప్పటివాళ్లు ‘వరిని ట్రాన్స్‌ప్లాంట్ చేస్తూ’ అని అచ్చు వేసి, అదే వాడుక భాష అంటారు. ఏ చేలో విన్నారో మరి.

పద్నాలుగో పేజీలో పసివాడి చెవితమ్మె గురించి ‘పొద్దుటెండ వెనక నుంచి పడి చెవి ఎర్రగా వెలిగింది’ అని రాశావు. మూలం తీసి చూశాను. అక్కడ ట్రాన్స్‌లూసెంట్ అని ఉంది. అర్ధపారదర్శకం అని రాయకుండా నిన్ను ఆపినది ఏదో, అది పదకొండో పేజీలో ఏ నిద్ర పోయిందో నీవే చూసుకో.

కథ ఏ పత్రికకు పంపాలని, పారితోషికం ఎంత అడగాలని అడిగావు. అవి తర్వాత. ముందు ఆ పేజీ తిరగరాయి. రాసేముందు అమ్మమ్మగారికి ఫోన్ చేసి, గట్టు మీద నిలబడి ఆకు కట్టలు విసిరే మనిషిని వాళ్లూళ్లో ఏమంటారో అడిగి మార్జిన్‌లో రాసి పంపు. మా వైపు ఏమనేవారో రెండు రోజులుగా గుర్తు చేసుకుంటున్నాను, రావడం లేదు.