"చూద్దాం" అనవద్దమ్మా

మారతహళ్ళి, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు టీమ్ లీడ్ అయి ఆరు నెలలైనా కాలేదు, అప్పుడే అర్ధరాత్రి దాటనిదే నిద్రపోవడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మేనేజరు కొత్త పని తెచ్చినప్పుడల్లా కాదనలేక "చూద్దాం సార్" అంటున్నానని నువ్వు మొన్న అన్నావు. ఆ మాట అప్పటినుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. సంబంధం తెచ్చినవారితో మన ఇళ్ళలో "చూద్దాం" అంటే అది మర్యాదగా కాదనడమేనని ఇరువైపులవారికీ తెలుసు. ఆఫీసులో ఆ మాటకు అర్థం తిరగబడుతుంది. నువ్వలా అన్న అరగంటకల్లా ఆయన పైవారికి "మావాళ్ళు చేసేస్తారు" అని మెయిల్ పెట్టి ఉంటాడు. తప్పు ఆయనది కూడా కాదు, నువ్వు కాదని చెప్పలేదు కదా.

కాదని చెప్పాలంటే ముందు నీ చేతిలో ఎంత ఉందో నీకు తెలియాలి. మీరు ఏడుగురు, స్ప్రింట్‌కు, అంటే మీరు పని పంచుకునే రెండు వారాల విడతకు, పది పనిదినాలు, పైకి చూస్తే 70 రోజుల పని. నవంబరు 1 రాజ్యోత్సవ సెలవు ఆ స్ప్రింట్‌లో పడితే ఏడు రోజులు పోయి 63 మిగులుతాయి. ఆన్‌కాల్‌లో ఉన్న, అంటే సిస్టమ్‌లో ఏది ఆగినా వెంటనే చూడవలసిన, మనిషిని ఆ రెండు వారాలూ లెక్కలోంచి పూర్తిగా తీసేస్తే 54. ఇద్దరు చెరి రెండు రోజులు ఊరికి వెళ్తామని ముందే అడిగారన్నావు కనుక 50. మీటింగులు, ఒకరి కోడ్ మరొకరు సరిచూసే రివ్యూలు, పక్క టీములవాళ్ళ సందేహాలు అందులో ఐదో వంతు తినేస్తాయనుకుంటే చివరికి మిగిలేది 40. ఈ ఐదో వంతు నా అంచనా మాత్రమే; గడిచిన మూడు స్ప్రింట్లలో నిజంగా పూర్తయిన పని ఎంతో చూసి దాన్ని సరిదిద్దుకో. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో ఆ పని చేసేవాళ్ళనే అడుగు, వాళ్ళ తరఫున నువ్వు ఊహించి చెప్పకు. బేరంలో ఎలాగూ తగ్గిస్తారు కదా అని నలభైని ముప్ఫైగా చూపవద్దు. రెండుసార్లు అలా దొరికిపోతే మూడోసారి నువ్వు నిజం చెప్పినా సంతలో ధర విన్నట్టే వింటారు.

ఈ లెక్కను ఒక్క పేజీలో రాసి మేనేజరు ముందు పెట్టు. ఆయన అడుగుతున్నది 58 రోజుల పని అయితే "మావల్ల కాదు" అనకు. "మా దగ్గర ఉన్నది 40 సార్, ఈ జాబితాలో మొదట ఏవి కావాలో మీరు చెప్పండి, మిగిలినవి తరువాతి స్ప్రింట్‌కు జరుపుదాం" అని అడుగు. ఎంచుకునే బరువు ఎంచుకునే అధికారం ఉన్నవారి మీదనే ఉండాలి. "అన్నీ ముఖ్యమే" అంటాడు, అందరూ అంటారు. అప్పుడు వాదనకు దిగక, జాబితాలో పై రెండు పనులు చూపించి, ఈ రెండింటిలో ఒకటే శుక్రవారానికి పూర్తవుతుందంటే ఏది కావాలని అడుగు. అలా రెండేసి చొప్పున అడుగుతూ పోతే వరుస దానంతటదే తేలుతుంది. మాట్లాడి వచ్చిన వెంటనే, నిష్ఠూరం ధ్వనించకుండా, అనుకున్నదంతా నాలుగు వాక్యాల మెయిల్‌గా పంపు.

"ఇంకో ఇద్దరిని ఇస్తాను" అంటే సంతోషపడిపోకు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎమ్‌లో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ అభివృద్ధిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. ఏడుగురి మధ్య మాటలు నడిచే జతలు 21, తొమ్మిదిమంది అయితే 36. పైగా కొత్తవారికి పని నేర్పేది నీ టీములో ఉన్న గట్టివాళ్ళే. ఆ ఇద్దరూ వచ్చే మూడు నెలలకు కావాలని అడుగు, ఈ నెలకు వద్దను.

కాలిఫోర్నియా క్లయింటు "ఈ రోజు చివరికి" అన్నప్పుడు ఎవరి రోజు అని అడగడం మరచిపోకు. వేసవిలో వారి సాయంత్రం ఐదంటే మనకు మర్నాటి తెల్లవారుజాము ఐదున్నర.

నేను లీడ్‌గా ఉన్న రోజుల్లో, పేరు చెప్పని ఒక సంస్థలో, ఐదు వారాల పనిని మూడు వారాల్లో ఇస్తామని ఒప్పుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఒప్పుకుంటే పెద్దవాణ్ణి అవుతాననుకున్నాను. చివరి రాత్రి రెండు గంటలకు, వరుసగా పదకొండో రోజు ఆఫీసుకు వచ్చిన ఒక కుర్రవాడు టెస్ట్ సర్వరు సెట్టింగుల ఫైలును ప్రొడక్షన్‌లో, అంటే వినియోగదారులు వాడే అసలు సర్వరులో, పెట్టేశాడు. తెరమీద రెండు విండోలు ఒకే రంగులో పక్కపక్కనే తెరిచి ఉన్నాయి, అంతే. సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. మర్నాడు అతను చేతిలో టీ గ్లాసు చల్లారిపోతున్నా తాగకుండా నా బల్ల దగ్గర నిలబడి, "సార్, నా అప్రైజల్ పోయినట్టేనా?" అని అడిగాడు. జరిగినదానిపై రాసిన సమీక్ష నివేదికలో కారణం అన్నచోట అతని పొరపాటని రాసి ఉంది, నేను ఒప్పుకున్న గడువు గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేనే రాయలేదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి కనుక చెబుతున్నాను. 1961 నాటి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టంలో సాధారణ పరిమితి రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు. 2024లో ఐటీ రంగంలో పనిదినాన్ని 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు ఇక్కడి ఉద్యోగుల సంఘం గట్టిగా ఎదిరించింది. అయినా మేనేజరుతో మొదటి మాటగా చట్టం ఎత్తకు. ఆ తరువాత ఆయన నీతో కాక హెచ్‌ఆర్‌తోనే మాట్లాడతాడు.

ఆదివారం భోజనానికి వస్తున్నావు కనుక ఆ పేజీ రాసి తెచ్చుకో. ఎవరి పేరు ఎదుట ఏ పని ఉందో ఇద్దరం కూర్చుని చూద్దాం. నేనన్న ఈ "చూద్దాం"కు మాత్రం చూడటమనే అర్థం.

ఆశీస్సులతో,
మామయ్య