పై ఫ్లోర్‌లో రోలు, కింద సి షిఫ్ట్ నిద్ర

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, సొంత ఫ్లాట్, లోన్ ఇంకా తీరలేదు. మా వారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. సి షిఫ్ట్ పడితే రాత్రంతా పని చేసి వచ్చి పొద్దున ఎనిమిదింటికి పడుకుంటారు. ఏడాది కిందట మా పైన ఒక కుటుంబం అద్దెకు దిగింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఇంట్లో పెద్దావిడ, నాలుగేళ్ళ మనవడు ఉంటారు. పది కొట్టేసరికి ఆవిడ రోలు ముందేసుకుని కూర్చుంటుంది. మా మంచం మీదే దంచినట్టు ఉంటుంది. పిల్లాడు సోఫా మీంచి దూకుతాడు, కుర్చీలు ఈడుస్తాడు. ఎన్నోసార్లు పైకి వెళ్ళి చెప్పాను. రెండు రోజులు ఆగి మళ్ళీ మామూలే. విసుగొచ్చి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ ఇంటి కోడలు ‘అంత నిశ్శబ్దం కావాలంటే ఇండిపెండెంట్ ఇల్లు కట్టుకోవాలి’ అని రాసింది. మా బాత్రూమ్ సీలింగ్ మీద చెమ్మ మరక కూడా వాళ్ళ పుణ్యమే. మొన్న వరలక్ష్మీ వ్రతానికి ఆ కోడలు కుంకుమ భరిణె పట్టుకుని ప్రతి ఫ్లోరూ తిరిగింది. ఎదురింటావిడకు బొట్టు పెట్టి, పక్కింటావిడకు పెట్టి, తలుపు తీసుకుని నిలబడ్డ నన్ను చూసి కూడా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. వాళ్ళ పెద్దమ్మాయి, మా అమ్మాయి ఒకే ఆటోలో స్కూలుకి వెళ్తారు. ఇక మాట్లాడొద్దని మా అమ్మాయికి చెప్పేశాను. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అన్నారు. మా వారు ఫ్లాట్ అమ్మేద్దాం అంటున్నారు. వాళ్ళు కావాలనే చేస్తున్నారని నా నమ్మకం. పోలీసులకు చెప్పొచ్చా? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట కోసం వెతికాను, కనిపించలేదు. మీ వారికి నైట్ డ్యూటీ ఉంటుందని పైవాళ్ళకు చెప్పారా? నాకు చెప్పారు. ఆ పెద్దావిడకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ‘చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త చూసుకోండి’ అని ఉంటారు. పగలు పదింటికి ఎవరైనా వచ్చి అలా అంటే, ఈ టైమ్‌లో వంటింట్లో చప్పుడు కాకపోతే ఇంకెప్పుడవుతుంది అనే అనిపిస్తుంది. మీకైనా అంతే, నాకైనా అంతే.

ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ళకు ఈ తలనొప్పి తక్కువ. అక్కడ ఏ గుమ్మంలో చూసినా ప్లాంట్ ఉద్యోగే. ‘అంకుల్‌ది సి షిఫ్ట్, అటు పోయి ఆడుకోండి’ అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. గేటు దాటి కూర్మన్నపాలెం, గాజువాక వచ్చేసరికి ఒక ఫ్లాట్‌లో షిఫ్ట్ మనిషి, పైన బ్యాంకు ఉద్యోగి, పక్కన పరవాడ ఫార్మా కంపెనీకి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఎవరి గడియారం వాళ్ళది. మీ ఇంట్లో పొద్దున పది అంటే అర్ధరాత్రి అని, మీరు చెప్తే తప్ప పై ఇంటివాళ్ళకు తెలిసే దారి లేదు.

ఇంకో సంగతి. పైకి వెళ్ళింది ప్రతిసారీ మీరే. నిద్ర చెడేది ఆయనకి, పోట్లాట మాత్రం మీకు. మీ వారిని వెళ్ళమనండి. చప్పుడు అయిన రోజున, నిద్ర చెడిన కోపంలో వద్దు. వీక్లీ ఆఫ్ రోజు సాయంత్రం, ఆ కోడలు, కొడుకు ఇంటికొచ్చి కాఫీ తాగే వేళకి వెళ్ళాలి. మీరూ పక్కన ఉండండి గానీ పాత లెక్కలేవీ తీయకండి. మాట ఆయనే మాట్లాడాలి. ఇలా అంటే చాలు:

‘నాకు సి షిఫ్ట్ పడిన రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకానే నిద్రండి. అది చెడితే రాత్రి డ్యూటీలో కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఆ రోజులకు మాత్రం పచ్చడి ముందురోజు సాయంత్రం నూరుకోగలరా అమ్మా? మిగతా రోజుల్లో మాకేం ఇబ్బంది లేదు.’

పెద్దావిడను చూసి ‘అమ్మా’ అని అడగాలి, కోడలికి చెప్పి ఆవిడకు చెప్పించడం కాదు. రోలు దగ్గర కూర్చునేది ఆవిడే కదా. ఒప్పుకుంటే, వాళ్ళ గోడ మీది క్యాలెండర్‌లో సి షిఫ్ట్ తేదీలకు సున్నాలు చుట్టి రమ్మనండి. ఏకాదశి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు అని ఆవిడ రోజూ చూసేది ఆ క్యాలెండరే. గ్రూపు మెసేజ్ ఆవిడ చూడదు. షిఫ్ట్ మారితే కొత్త తేదీలు మళ్ళీ ఆయనే వెళ్ళి చుట్టి రావాలి. ఆ పని మీ మీద వేసుకోకండి.

‘చప్పుడు చేయకండి’ అనే మాట ఎవరూ నిలబెట్టుకోలేరు. ‘ఈ తేదీల్లో, ఈ గంటల్లో, ఈ రోలు’ అంటే నిలబెట్టుకోగలరు. మీరు చెప్పినప్పుడల్లా రెండు రోజులు ఆగుతున్నారని మీరే రాశారు. కావాలని ఏడిపించేవాళ్ళు రెండు రోజులు కూడా ఆగరు. వాళ్ళు మరచిపోతున్నారు, అంతే. దాన్ని పగ అని మీరు అనుకుంటున్నారు, అందుకే చిన్న చప్పుడు కూడా చెంపదెబ్బలా తగులుతోంది.

అసలు ఆ చప్పుడు మీకు అంత గట్టిగా ఎందుకు వినిపిస్తుందో చెప్తాను. మాటలు, టీవీ గాలిలో వస్తాయి, తలుపు వేస్తే సగం తగ్గుతాయి. రోలు దెబ్బ అలా కాదు. గచ్చు మీద పడ్డ దెబ్బ నేరుగా స్లాబ్‌లోకి దిగుతుంది. ఆ స్లాబ్ మందం అయిదంగుళాలో, కాస్త అటూ ఇటో. ఆ కాంక్రీటంతా అదిరి, మీ సీలింగ్ మొత్తం మోగుతుంది. పైన కూర్చున్న ఆవిడ చెవికి మాత్రం అది మామూలు వంటింటి చప్పుడే. మీరు అబద్ధం చెప్తున్నారని వాళ్ళు, వాళ్ళు నటిస్తున్నారని మీరు అనుకోవడం అక్కడే మొదలైంది. ఆ కోడలిని ఒకసారి మీ పడకగదిలోకి పిలిచి, పైన పెద్దావిడను నాలుగు దెబ్బలు వేయమనండి. వందసార్లు చెప్పినదానికంటే అది పనిచేస్తుంది.

రోలు కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, దాని మీద గోనెసంచి రెండు మూడు మడతలు పెడితే చాలా తేడా ఉంటుంది. గది నడిమధ్యన కాకుండా గోడ వారగా, కింద బీమ్ ఉన్నచోట పెట్టుకుంటే ఇంకా నయం. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. ‘మ్యాట్ నేను తెస్తానమ్మా’ అని మీ వారు అంటే నామోషీ ఏమీ కాదు. పిల్లాడి గెంతులు మాత్రం మ్యాట్‌తో ఆగవు. నాలుగేళ్ళవాణ్ణి గెంతొద్దనడం వాళ్ళ అమ్మ వల్లే కాదు, మన వల్ల అసలే కాదు. సి షిఫ్ట్ రోజుల్లో మీ వారి మంచం వాళ్ళ హాలు కింద లేని గదిలోకి మార్చండి. నల్లటి పరదా, గట్టిగా మోగే టేబుల్ ఫ్యాన్, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టండి. కాంక్రీటులో వచ్చే చప్పుడు పక్క ఫ్లాట్‌ది కూడా కావచ్చు కాబట్టి, ప్రతిదీ పైవాళ్ళ ఖాతాలో వేయకుండా ఒకరోజు తీరిగ్గా గమనించండి కూడా.

ఇక పోలీసుల మాట. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అవి మైకులు, డీజేలు, టపాసులు, హారన్లు లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని పెట్టినవి. పగలు పదింటికి వంటింట్లో రోలు దంచితే కేసు ఏమీ కాదు. ఒక కానిస్టేబుల్ మీ మెట్లెక్కి వాళ్ళ తలుపు కొట్టాడంటే, ఇక ఆ ఇంటితో మీకు సంబంధం జీవితకాలం తెగినట్టే. చప్పుడు మాత్రం తగ్గదు.

బాత్రూమ్ చెమ్మ వేరే సంగతి, దాన్ని దీంట్లో కలపకండి. వాళ్ళు అద్దెకున్నవాళ్ళు. పై ఫ్లాట్ బాత్రూమ్ గచ్చు లీకవుతుంటే బాగు చేయించాల్సింది ఆ ఫ్లాట్ ఓనరు. షాఫ్ట్‌లోని ఉమ్మడి పైపు అయితే అసోసియేషన్. ప్లంబర్‌ను పిలిపించి ఆ రెండిట్లో ఏదో తేల్చుకుని, మరక ఫోటోలతో ఓనరుకు, ప్రెసిడెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అని ప్రెసిడెంట్ గారు రోలు విషయంలో అంటే సరే, పైపుల విషయంలో అనడానికి లేదు. మెయింటెనెన్స్ కడుతున్నారు కదా.

అమ్మా, మీ ఉత్తరంలో నిద్ర గురించి కన్నా వివరంగా రాసింది ఆ బొట్టు గురించి. ఎదురింటావిడకు పెట్టి, పక్కింటావిడకు పెట్టి, మీరు తలుపు తీసుకుని నిలబడి ఉండగా దాటి వెళ్ళిపోవడం చిన్న అవమానం కాదు. శ్రావణ శుక్రవారం ముత్తైదువును పిలవకుండా వెళ్ళడం ఆవిడ చేసిన తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. అయితే ఒకటి అడుగుతాను. గ్రూపులో ఆవిడ రాసిన మాట పొల్లుపోకుండా నాకు రాశారు. దానికి ముందు మీరు ఏం పెట్టారో రాయలేదు. ‘కొంతమందికి కనీస మర్యాద తెలియదు’ లాంటిదేదో అయ్యుంటుందని నా అనుమానం. అపార్ట్‌మెంట్ అంతా చదివే చోట, ఇంట్లో అత్తగారి పనిని పట్టుకుని అంటే ఏ కోడలికైనా మండుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడ చూడాల్సింది కూడా అత్తగారి ముఖమే కదా.

కాబట్టి మీ వారు మాట్లాడి వచ్చాక, ఓ వారం ఆగి, మీరు ఆ కోడలితో విడిగా ఒక్క మాట అనండి: ‘గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది, నీతోనే చెప్పాల్సింది.’ వ్రతం సంగతి ఎత్తకండి. దసరాలకు మీ ఇంట్లో పేరంటం పెట్టుకుంటే అత్తాకోడళ్ళిద్దరికీ మీరే పైకి వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. వస్తారా రారా అన్నది వాళ్ళిష్టం.

పిల్లల విషయంలో మాత్రం ఆగకండి. ఈ సాయంత్రమే మీ అమ్మాయితో ‘నువ్వు తనతో మాట్లాడుకోవచ్చు, మా గొడవ మాది’ అని చెప్పేయండి. రోజూ ఒకే ఆటోలో మోకాళ్ళు తగిలేలా కూర్చుని, అమ్మ మాట కోసం మొహం తిప్పుకోవాలంటే ఆ వయసు పిల్లకు ఎంత టెన్షనో ఆలోచించండి. నేను ఇంత గట్టిగా చెప్పేది ఈ ఒక్కదాని గురించే.

ఇవన్నీ చేశాక కూడా వాళ్ళు మొండికేస్తే దారులు లేకపోలేదు. సి షిఫ్ట్ ఉద్యోగులు మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకా ఉండే ఉంటారు. వాళ్ళను కలుపుకుని, దంపుళ్ళు, డ్రిల్లింగ్, ఫర్నిచర్ జరపడం లాంటి పనులకు వేళలు పెట్టమని జనరల్ బాడీ మీటింగ్‌లో అడగండి. అదీ కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సలహా దొరుకుతుంది. కోర్టు కేసు దాకా వెళ్ళకముందే రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. హెల్ప్‌లైన్ నంబరు 15100. నాకైతే మీ వ్యవహారం అంతదాకా వెళ్ళదనే అనిపిస్తోంది.

ఒక సంగతి మీ వారికి చెప్పండి. పైన పూర్తి నిశ్శబ్దంగా ఉన్న రోజు కూడా పగటి నిద్ర రాత్రి నిద్రంత గాఢంగా పట్టదు, తొందరగా మెలకువ వస్తుంది. వెలుగులో మేలుకోవడానికే శరీరం అలవాటు పడి ఉంటుంది మరి. వాళ్ళు ఊరెళ్ళిన రోజున కూడా ఆయనకు పదకొండింటికే మెలకువ వస్తుంటే, చిరాకు తగ్గకపోతే, ఒకసారి డాక్టరును కలవమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడినా సరే.

ఫ్లాట్ అమ్మే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. లోన్ ఉండగా అమ్మి, మళ్ళీ కొని, మళ్ళీ రిజిస్ట్రేషన్ ఖర్చులు పెట్టుకుంటే, కొత్త ఇంట్లో పైన ఎవరుంటారో ఎవరు చెప్పగలరు? ఎవరూ ఉండకూడదని టాప్ ఫ్లోర్ తీసుకుంటారేమో, మే నెలలో ఆ స్లాబ్ కింద మధ్యాహ్నం పూట మీ వారు ఎలా నిద్రపోతారో చూడాలి. ముందు వచ్చే సి షిఫ్ట్ తేదీలు ఆయన చేత ఆ క్యాలెండర్ మీద చుట్టించండి. అది గడిచాక ఎలా ఉందో మళ్ళీ నాకు రాయండి.