తలా తోకా, మధ్యలో మా నాన్న

ప్రశ్న: అక్కయ్యా, ప్రభువు నామంలో వందనాలు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా సంఘంలో క్వయర్ నేనే చూసుకుంటాను. యూట్యూబులో విని ఒక కొత్త పాట నేర్చుకున్నాం. అందులో ఒక చరణం సారాంశం ఇది: దేవుడు నన్ను తలగా ఉంచుతాడు, తోకగా ఉంచడు, నేను అప్పు ఇచ్చేవాణ్ణే గాని తీసుకునేవాణ్ణి కాను. మిర్చికి నల్లతామర పురుగు తగిలిన ఏడు నుంచి మా నాన్న అప్పుల్లోనే ఉన్నాడు. ఆ చరణం రాగానే చప్పట్లు ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు. పాస్టరు అయ్యగారిని అడిగితే "అది లేఖనమే కదమ్మా" అన్నారు. కీబోర్డు వాయించే తమ్ముడేమో "పాట అంత ఊపు మీదుంటే నీకెందుకక్కా టెన్షన్" అంటాడు. తప్పు నాదా, పాటదా? ఆ రెండు లైన్లూ మార్చి పాడుకోవచ్చా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీ అయ్యగారు అబద్ధం చెప్పలేదు. అది లేఖనమే. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం, 12, 13 వచనాలు. సరిగ్గా అక్కడే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను.

సుమారు పాతికేళ్ల కిందటి మాట. వారమంతా బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఆదివారం సండే స్కూలు. ఇదే వచనం మీద కట్టిన ఒక పాటకి యాక్షన్ నేర్పాను. "తల" అన్నప్పుడు నెత్తిమీద చెయ్యి పెట్టుకోవాలి, "తోక" అన్నప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి కాదు కాదు అని ఊపాలి. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఒక ఆదివారం వెనక వరసలో ఒక అబ్బాయి నెత్తిమీద చెయ్యి పెట్టలేదు. ఆ వారమే పదో తరగతి ఫలితాలు వచ్చాయి, వాడు లెక్కల్లో తప్పాడు. అందరూ వెళ్లాక నాతోపాటు చాపలు చుడుతూ, తల ఎత్తకుండా అడిగాడు: "టీచర్, మరి నేను తోకేనా?"

"కాదురా, వచ్చే ఏడు తలవి అవుతావు" అన్నాను. అంతకన్నా తప్పు జవాబు ఇంకొకటి ఉండదు. తోకవేగానీ ఏడాది ఓపిక పట్టు అన్నట్టే కదా! వాడు తర్వాత కొన్నాళ్లకి రావడం మానేశాడు. పాట వల్లే మానేశాడని అనను, నాకు వాడు చెప్పలేదు.

ఆ రాత్రి ఆ అధ్యాయం మొత్తం కూర్చుని చదివాను. మొత్తం 68 వచనాలు. దీవెనలు 14వ వచనంతో అయిపోతాయి. 15 నుంచి చివరిదాకా శాపాలే. 44వ వచనంలో పరదేశి గురించి ఇలా ఉంది: "వాడు తలగానుండును నీవు తోకగానుందువు." అదే తల, అదే తోక, తిరగబడింది. ఈ వచనానికి ట్యూన్ కట్టినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఇంకో సంగతి. అక్కడ "నీవు" అంటే ఒక మిర్చి రైతు కాదు, పదో తరగతి కుర్రాడూ కాదు. యొర్దాను దాటడానికి మోయాబు దేశంలో సిద్ధంగా ఉన్న ఇశ్రాయేలు జనం మొత్తం. మాట వింటే ఇది, వినకపోతే అది అని ఒక జనాంగంతో చేసిన నిబంధన. పాటలో ఆ "నీవు" కాస్తా "నేను" అయింది, "వింటే" అన్న షరతు ఎగిరిపోయింది. మిగిలిన మాటలన్నీ లేఖనంలోవే.

"క్రీస్తు మన శాపాన్ని తీసేశాడు, ఇక మనకు దీవెనలే" అని ఎవరైనా గలతీయులకు పౌలు రాసిన పత్రికలో 3:13 చూపిస్తారు. చూపించనీ. పక్కనే 14వ వచనం కూడా చదవమను. అక్కడ మనకు దొరుకుతుందని పౌలు చెప్పింది ఆత్మను గూర్చిన వాగ్దానం. అప్పు తీరడం గురించి ఒక్క ముక్క లేదు. ఆ పౌలే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో ఆకలి, దప్పి, చలి, ఒంటిమీద బట్ట లేకపోవడం తన జీవితంలోవిగా లెక్క చెబుతాడు. ఈ పాట ప్రకారం పౌలు తలా, తోకా?

కాబట్టి "లేఖనమే కదా" అంటే సరిపోదు. దేవాలయ శిఖరం మీద యేసుతో అపవాది, అంటే సాతాను, చెప్పిందీ లేఖనమే, 91వ కీర్తన. (పాట రాసినాయన్ని అపవాది అనడం లేదు. ఆయనెవరో నాకు తెలియదు, రాగం మాత్రం బాగా కట్టాడు.)

కొత్త పాట వస్తే నేను చేసే పని ఒకటుంది. ట్రాక్ ఆపేసి పాటని నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటాను. పల్లవి ఎన్నిసార్లు పాడినా ఒక్కసారే రాస్తాను. రాగం తీసి వచనంలా పైకి చదువుతాను. సగం పాటల గుట్టు అక్కడే బయటపడుతుంది, ఏమీ చెప్పకుండానే నాలుగు నిమిషాలు నడిచిపోతాయి. అది పెద్ద నేరం కాదులే. తర్వాత ఒక్కో లైను ఎదురుగా అది ఎక్కడి మాటో రాసి, ఆ వచనం ఒక్కటే కాకుండా ఆ అధ్యాయం అంతా చదువుతాను. చివరికి, ఇది పాడుతున్నప్పుడు చర్చిలో ఎవరెవరు కూర్చుని ఉంటారో గుర్తు చేసుకుంటాను. నువ్వు ఈ ఆఖరి పని మీ నాన్న చేతుల్ని చూసి ముందే చేసేశావు. మీ కీబోర్డు తమ్ముడికి చెప్పు, కొలొస్సయులకు 3:16లో పాటకి అప్పజెప్పిన పని "ఒకనికి ఒకడు బోధించుచు, బుద్ధి చెప్పుచు" అని. ప్రసంగం బుధవారానికి మరిచిపోతాం. పాట మాత్రం గిన్నెలు తోముతున్నా నోట్లో ఆడుతుంది.

ఇక మాట మార్చడం. వద్దు. ఇంకొకరి పాటలో వాళ్లని అడగకుండా చెయ్యి పెట్టకు. 2001లో వచ్చి లోకమంతా పాడుకున్న ఒక ఇంగ్లీషు పాట ఉంది. సిలువ దగ్గర దేవుని ఉగ్రత తీరింది అని అందులో ఒక లైను. అమెరికాలో ఒక పెద్ద ప్రెస్బిటేరియన్ శాఖ 2013లో కొత్త కీర్తనల పుస్తకం తెచ్చే ముందు, ఆ లైను బదులు దేవుని ప్రేమ ఘనపరచబడింది అన్న మాట వేసుకుంటామని అడిగింది. రాసినవాళ్లు ఒప్పుకోలేదు. కమిటీ ఓటు పెట్టి, 9–6తో పాటనే వదిలేసింది. ఉగ్రత మాట ఉండాల్సిందే అని నేనంటాను, రోమీయులకు రాసిన పత్రికలో అది ఉంది. అయినా ఆ కమిటీ మర్యాద నాకు నచ్చింది. అడిగారు, కాదన్నారు, మానేశారు.

నువ్వూ ఆ చరణం వదిలేసి మిగతా పాట పాడించు. అయ్యగారి దగ్గరికి పోట్లాటకి వెళ్లకు, 28వ అధ్యాయం తెరిచి పట్టుకుని వెళ్లు. 44వ వచనం మీద వేలు పెట్టి "దీన్నేం చేద్దాం అయ్యగారూ" అని అడుగు.

ఖాళీ అయిన చోట ఏం పాడాలంటావా? 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగుస్తుంది. చివర్లో హల్లెలూయ కూడా లేదు. అలాంటి మొరలు కీర్తనల గ్రంథం నిండా ఉన్నాయి, మన పాటల్లోనే కరువు. హబక్కూకు 3:17, 18 తీసుకో. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అని ఉంది అందులో, యెహోవాయందు ఆనందిస్తానన్న మాట ఆ తర్వాత వస్తుంది. నీకు వచ్చిన రాగంలో కట్టి ముందు ఇంట్లో, మీ నాన్న భోంచేసి కూర్చున్నప్పుడు పాడు. ఆయన చేతులేం చేశాయో నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: మా పెద్దలు పాత కీర్తనలు తప్ప ఏవీ వాక్యానుసారం కావంటారు. మరి క్రిస్మస్‌కి వాళ్లు పాడే పాటల్లో ముగ్గురు జ్ఞానులు పశువుల పాకకి వస్తారే?
– ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: పట్టేశావు. మత్తయి 2వ అధ్యాయంలో జ్ఞానులు ఎంతమందో లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు. వాళ్లు వెళ్లింది పాకకి కాదు, 11వ వచనంలో "ఇల్లు" అని ఉంది. పశువుల తొట్టి దగ్గరికి వచ్చిన గొల్లలు లూకాలో కనిపిస్తారు. పాటలవాళ్లు అందరినీ ఒకే చోట నిలబెట్టేశారు.

పాతదైనంత మాత్రాన సరైనదని కాదు. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) బతికున్న రోజుల్లో ఆయన కీర్తనలూ కొత్త పాటలే. అయితే పెద్దల మీదికి దీన్ని కత్తిలా తీసుకెళ్లకు. జ్ఞానులు ముగ్గురనుకున్నందువల్ల ఎవరి విశ్వాసమూ దెబ్బతినదు, పై ఉత్తరంలో తండ్రికి తగిలిన దెబ్బ వేరు. ఈ క్రిస్మస్ నాటకంలో కూడా ముగ్గురినే పెట్టుకోండి. పన్నెండుమందికి గడ్డాలూ కిరీటాలూ కుట్టాలంటే సండే స్కూలు టీచర్లకి డిసెంబరు నెల చాలదు.