ఎవరిని చూసి అనుకున్నావని మీ చెల్లిని అడగండి

"మా చెల్లి బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది రాయమంటే వద్దు, నర్సింగ్‌లో చేరతానంటోంది. నాన్న ససేమిరా అంటున్నారు. చదువుకునే పిల్లలు ఈ పని ఎందుకు ఎంచుకుంటారు?" అని అడిగారు కదా తమ్ముడూ. నేను 2009 నుంచి నర్సుగా పని చేస్తున్నాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రసూతి వార్డులో ఉన్నాను. నా సంగతి, నాతో చదివిన వాళ్ల సంగతి చెప్తాను.

కాలేజీల కరపత్రాల్లో "సేవాభావం" అని రాసి ఉంటుంది. ఆ మాటను నేను తీసిపారేయను. కానీ 17 ఏళ్ల పిల్లకి సేవ అంటే ఏం తెలుస్తుంది? ఇన్నేళ్లలో నా జూనియర్లను చాలామందిని అడిగాను, ఇందులోకి ఎందుకొచ్చావమ్మా అని. దాదాపు అందరూ ముందు ఒక మనిషి గురించి చెప్పారు. మా మేనత్త నర్సు అని ఒకరు, మా వీధిలో ఒక అక్క గల్ఫ్ వెళ్లిందని ఒకరు, మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక సిస్టర్ ఉండేదని ఇంకొకరు.

నాకు మా పెద్దమ్మ.

మాది బాపట్ల వైపు ఒక ఊరు. ఊరు అంటున్నాను గానీ మా ఇల్లు ఊళ్లో కాదు, కాలవ అవతల పల్లెలో. మా తాత రైతుల దగ్గర పాలేరుగా చేశాడు. మా నాన్న కౌలుకి తీసుకుని వరి, మినుము వేసేవాడు. ఊళ్లో చిన్న పిల్లలు కూడా మా తాతని పేరు పెట్టి "ఏరా" అని పిలిచేవాళ్లు. మా పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని గుంటూరులో ఉద్యోగం చేసేది. నెలకోసారి బస్సు దిగి తెల్లచీరలో నడిచొచ్చేది, చేతిలో సొంత పర్సు. తను వచ్చిందని తెలిస్తే సాయంత్రానికి మా అరుగు మీద జనం. గడ్డకి కట్టు మార్చమని ఒకరు, బీపీ చూడమని ఒకరు. ఒకసారి ఊళ్లో పెద్ద కామందు తన తల్లికి పుండు మానడం లేదని కాలవ దాటి మా ఇంటికొచ్చి, గుమ్మం ముందు నిలబడి, "సిస్టర్ గారూ, ఒకసారి రాగలరా" అన్నాడు. మా తాత పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు నాకు పదేళ్లు ఉంటాయేమో. మా ఇంట్లో ఒక మనిషిని "గారూ" అని పిలవడం నేను విన్నది అదే మొదటిసారి.

నేను నర్సింగ్‌లో చేరింది దానికే. ఇంకో కారణం చెప్తే నిజం చెప్పినట్టు కాదు.

కోస్తా జిల్లాల్లో నర్సుల్లో క్రైస్తవ కుటుంబాల వాళ్లు ఎక్కువగా ఎందుకు కనిపిస్తారో చాలామందికి తెలియదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఇలాంటి మిషన్ ఆసుపత్రులకి నర్సులు కావాలి. పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడం, పురుడు పోయడం, పుళ్లు కడగడం మైల అనుకునే కాలం అది. పెద్ద కులాల వాళ్లు తమ ఆడపిల్లల్ని పంపేవాళ్లు కాదు. మిషన్ బళ్లలో చదువుకున్న మా వాళ్ల పిల్లలు వెళ్లారు. మిగతా దారులన్నీ మూసి ఉన్నాయి, ఇదొక్కటి తెరిచి ఉంది. ఒక ఇంట్లో ఒక పిల్ల నర్సయితే ఆ జీతంతో తమ్ముళ్లు చదువుకున్నారు, వెనకాలే చెల్లెళ్లు, కోడళ్లు అదే దారి పట్టారు. ఇవాళ అన్ని కులాల పిల్లలూ వస్తున్నారు, మగపిల్లలు కూడా వస్తున్నారు. అయినా "మంచి మార్కులొచ్చిన పిల్లకి ఈ పనేంటి" అన్న మాటలో ఆ పాత మైల భయం కొంచెం మిగిలే ఉందని నాకు అనిపిస్తుంది. మీ నాన్నగారిని తప్పుబట్టడానికి అనడం లేదు. ఆయన మనసులో ఉన్నది ఏమిటో ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

మా బ్యాచ్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయికి తండ్రి లేడు. తొందరగా జీతం రావాలి, అంతే. ఇంకో అమ్మాయి ఇంట్లో పెళ్లి చేసేస్తామంటే, హాస్టల్లో మూడున్నరేళ్లు చదువుంటుందని ఇందులోకి వచ్చింది. (మా రోజుల్లో జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, మూడున్నరేళ్లు, ఇప్పుడు మూడేళ్లు.) ఇంకొకామె మొదటి రోజు నుంచీ ఐర్లాండ్ వెళ్తానంది, వెళ్లింది. వీళ్లలో ఎవరి కారణమూ చిన్నది కాదు. కడుపు నిండటానికి వచ్చిన పిల్ల మంచి నర్సు కాకూడదని ఎక్కడా లేదు. మా బ్యాచ్‌లో అందరికంటే ఓపికగా పేషెంట్‌కి అన్నం తినిపించేది ఆ తండ్రి లేని అమ్మాయే.

మొదటి సంవత్సరం చేతిలో దీపం పెట్టి ప్రమాణం చేయిస్తారు. ఫొటోలు దిగుతాం. ఆ తర్వాత వార్డు పోస్టింగ్ మొదలవుతుంది, అక్కడ తెలుస్తుంది. నా మొదటి రోజు పక్షవాతం వచ్చిన ఒక ముసలాయనకి మంచం మీదే ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చాలి. ఆయన నడుము కింద పుండు, చెయ్యి పట్టేంత. వాసనకి నాకు కళ్లు తిరిగాయి. ఆ రాత్రి హాస్టల్ ఫోన్ నుంచి పెద్దమ్మకి ఫోన్ చేసి ఇంటికొచ్చేస్తానని ఏడ్చాను. తను ఓదార్చలేదు. "ఆ పుండు ఎంత వెడల్పుందో రేపు కొలిచి రాసుకో. వారం తర్వాత మళ్లీ కొలువు" అంది.

కొలిచాను. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. రోజూ కడిగి కట్టు మార్చాలి, తడి తగలకుండా చూడాలి, గుడ్డు, పప్పు తినేలా బతిమాలాలి. డ్యూటీ మారినప్పుడల్లా తర్వాత వచ్చే సిస్టర్‌కి ఎన్నింటికి తిప్పామో చెప్పి వెళ్లాలి. మూడు వారాలకి అంచుల్లో ఎర్రగా కొత్త చర్మం మొలిచింది. ఆ పుండు మానింది ఎక్కువగా ఈ తిప్పడం వల్లే. డాక్టరుగారు చేసేది డాక్టరుగారు చేస్తారు, కానీ రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి తిప్పే మనిషి లేకపోతే ఏ మందూ దాన్ని మాన్పదు. నర్సింగ్ అంటే డాక్టరు చెప్పింది చేసే పని అనుకునేదాన్ని. అది వేరే విద్య అని ఆ మూడు వారాల్లో తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. ఒక నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో, గంట క్రితం కాన్పయిన ఒక అమ్మాయి మంచం దగ్గరికి వెళ్లాను. పక్కన వాళ్లమ్మ. "ఇప్పుడే నిద్ర పట్టిందమ్మా, లేపమాకండి" అంది. ఆ పిల్ల పెదాలు పాలిపోయి ఉన్నాయి. నాడి పట్టుకుంటే పరుగెడుతోంది. దుప్పటి తీసి చూస్తే ప్యాడ్ నిండిపోయి కింద పక్కంతా రక్తం. పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిగా బిగుసుకోవాలి, అది పిండిముద్దలా మెత్తగా తగిలింది. ఆయాని కేకేసి డాక్టరమ్మని లేపమని పంపి, నేను పొట్ట మీద నుంచే గర్భసంచిని రుద్దుతూ ఉన్నాను. ఇంకో సిస్టర్ సెలైన్ ఎక్కించడానికి నరంలో రెండో క్యానులా (సన్న గొట్టం) పెట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చారు. సెలైన్‌లో ఆక్సిటోసిన్, అంటే గర్భసంచిని బిగించే మందు, ఎక్కించాం, మూత్రానికి గొట్టం వేశాం. కొంతసేపటికి నా చేతి కింద అది మెల్లగా గట్టిపడింది. ఆ గట్టిపడటం ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది.

కేస్ షీట్‌లో అదంతా రెండు లైన్లు. డిశ్చార్జి రోజు ఆ పిల్ల బిడ్డనెత్తుకుని మెట్లు దిగుతుంటే వాళ్లమ్మ వెనకాల సంచి మోస్తూ, ఆటో ఎక్కడుందని గొడవ పడుతోంది. నేను పైన నిలబడి చూశాను.

ఇక డబ్బు మాట. దీన్ని దాచితే మీ చెల్లికి అన్యాయం చేసినట్టు. నా మొదటి జీతం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకి 4,000 రూపాయలు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. మానేస్తానంటే 20,000 కట్టమన్నారు. పెద్దమ్మ వచ్చి ఆఫీసులో రెండు గంటలు కూర్చుంటే గానీ కాగితాలు ఇవ్వలేదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకి 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అంతకంటే తక్కువకి పని చేస్తున్న పిల్లలు నాకు తెలుసు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, అది తగ్గదు కూడా.

పని బరువూ అంతే. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నేను 40 పడకల వార్డులో ఇద్దరం కలిసి రాత్రి గడిపిన రోజులు బోలెడు. అలాంటి రాత్రి ఏదైనా తప్పు జరుగుతుందేమోనన్న టెన్షన్ ఇంటికొచ్చాక కూడా వదలదు. నడుం నొప్పి మాలో అందరికీ ఉంది. పెళ్లి సంబంధాలప్పుడు "నైట్ డ్యూటీలు చేసే పిల్లా?" అని వెనక్కి వెళ్లినవాళ్లు నాకూ ఉన్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి 22 సాయంత్రం ఊరంతా మా కోసం చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మా జూనియర్ ఒకమ్మాయిని ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. ఆ పిల్ల పది రోజులు మా ఇంట్లో ఉంది.

మరి ఎందుకు ఉన్నావంటారా? నేను ప్రభుత్వంలో మొదట కాంట్రాక్టు మీద చేరాను, తర్వాత రెగ్యులర్ అయింది. మా తమ్ముడి ఇంజనీరింగ్ నా జీతంతోనే గట్టెక్కింది. కాలవ అవతల మా ఇంటికి స్లాబ్ పడింది. అది ఒకటి. రెండోది ఆ అరచేయి.

మీ చెల్లి చేరేటట్టయితే కొన్ని చూసుకోండి. వీలుంటే బీఎస్సీ నర్సింగ్‌కే వెళ్లమనండి, నాలుగేళ్లు. ఎయిమ్స్ వాళ్లు నర్సు ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్ష బీఎస్సీ అవ్వగానే రాయొచ్చు, జీఎన్ఎం వాళ్లకి దానికి రెండేళ్ల అనుభవం కావాలి. నేను జీఎన్ఎం చేసి, తర్వాత ఉద్యోగం చేస్తూ పోస్ట్ బేసిక్ బీఎస్సీకి (జీఎన్ఎం అయినవాళ్లు చేసే డిగ్రీ) రెండేళ్లు అవస్థ పడ్డాను. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో మీరే చూడండి, కాలేజీ వాళ్ల మాట మీద ఊరుకోకండి. అంతకంటే ముఖ్యం, వాళ్ల ఆసుపత్రికి ఒక మామూలు రోజు చెప్పకుండా వెళ్లి పడకల మీద రోగులు ఉన్నారో లేదో చూడండి. ఖాళీ వార్డుల్లో చదివిన పిల్లలు మా దగ్గరికొస్తారు, వాళ్లకి క్యానులా పెట్టడానికి చేతులు వణుకుతాయి. ఆ తప్పు వాళ్లది కాదు.

విదేశం ఆలోచన ఉంటే భాష మొదటి నుంచీ నేర్చుకోవాలి. యూకే, ఐర్లాండ్‌లకి ఓఈటీ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ, ఇవి ఇంగ్లిష్ పరీక్షలు. అమెరికాకి ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష, జర్మనీకి జర్మన్ భాష. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి పంపే నర్సులకి భాష నేర్పిస్తోంది. బయటి ఏజెంట్లకి లక్షలు కట్టే ముందు అలాంటివి కనుక్కోండి. ఐర్లాండ్ వెళ్లిన మా స్నేహితురాలు బాగా సంపాదించింది, కానీ వాళ్ల పాప మొదటి రెండేళ్లు అమ్మమ్మ దగ్గరే పెరిగింది. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక మీ చెల్లిని ఒక్క మాట అడగండి, ఎవరిని చూసి అనుకున్నావని. ఎవరో ఒకరు ఉంటారు. ఆ మనిషి దగ్గరికి మీ నాన్నగారిని తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి. మా నాన్న కూడా మొదట వద్దన్నాడు. పెద్దమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు ఒకసారి గుంటూరు వెళ్లి, వార్డు బయట బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూసి వచ్చాడు. ఏం చూశాడో నాతో చెప్పలేదు. మర్నాడు మినుములు అమ్మి ఫీజు కట్టాడు.