కూతకెళ్లి తిరిగేటప్పుడే మోకాలు ఎందుకు మెలిక పడుతోంది?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా అమ్మాయిల కబడ్డీ జట్టుకి పరుగు బాగానే ఉంది కానీ, కూతకెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు నెమ్మదిస్తున్నారు. చకచకా అడుగులు వేయించడానికి నేల మీద నిచ్చెనలా పరిచే లేడర్ కొని రోజూ అరగంట చేయిస్తున్నా, తేడా లేదు. పైగా మొన్న పోటీల్లో మ్యాట్ మీద తిరగబోయి ఒకమ్మాయి మోకాలు మెలిక పడింది, ఎవరూ తాకను కూడా లేదు. ఏం చేయించాలి సార్?

జవాబు: ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి మాస్టారూ. మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చిందా, కొన్ని గంటల్లోనే వాచిందా? ఈ రెండింట్లో ఏది జరిగినా ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించాల్సిందే. నూనె రాసి తోమించొద్దు. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగినా చాలామంది కొన్ని వారాల్లో మామూలుగా నడిచేస్తారు, నొప్పి తగ్గింది కదా అని మళ్లీ కోర్టులోకి దింపితే ఈసారి లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చినిగే ప్రమాదం ఉంది.

ఎవరూ తాకకుండానే ఇలా జరగడం వింతేం కాదు, ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం అలాగే జరుగుతాయి, అందులోనూ ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఎక్కువ. పాదం నేలకి అతుక్కుని, కాలు దాదాపు నిటారుగా ఉండి, ఒళ్లు తిరుగుతుంటే మోకాలు లోపలికి వాలిపోతుంది. ఏడాదంతా మట్టిలో ఒట్టికాళ్లతో ఆడిన పిల్లలకి పాదం కాస్త జారడం అలవాటు, మ్యాట్ మీద బూట్లతో ఆ జారుడు ఉండదు. కాబట్టి పోటీలకి కొన్ని వారాల ముందు నుంచైనా ఎక్కడో ఒకచోట మ్యాట్ సంపాదించి అలవాటు చేయండి.

ఇక అసలు విషయం. మీ పిల్లలకి రానిది తిరగడం కాదు, ఆగడం. లేడర్‌లో అడుగులు చకచకా పడతాయి కానీ వేగంగా వచ్చే ఒంటిని ఆపాల్సిన పని అందులో ఉండదు, దాన్ని వార్మప్‌లో ఐదు నిమిషాలకి పరిమితం చేయండి. ఐదు మీటర్లు సగం వేగంతో పరుగెత్తి గీత దగ్గర ఆగమనండి. చివరి అడుగులోనే బ్రేకు వేస్తే భారమంతా ఆ ఒక్క మోకాలి మీదే పడుతుంది, అంతకు ముందు అడుగు నుంచే అడుగులు చిన్నవి చేసి, నడుము కిందికి దించి, మోకాళ్లు వంచి వేగం తగ్గించాలి. మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఎదురుగా నిలబడి తీయండి, లోపలికి వాలుతుంటే ఇట్టే కనిపిస్తుంది, పిల్లలకీ చూపించండి.

ఆగడం కుదిరాకే వేగం పెంచండి. మొదట కొద్దిపాటి వంపు, తర్వాత 90 డిగ్రీలు, చివరికి పూర్తిగా వెనక్కి. రెండు వైపులా చేయించాలి, లేకపోతే అలవాటైన కాలు మీదే తిరుగుతారు. ఆ తర్వాత మీరు చెయ్యి చూపించిన వైపుకి తిరగమనండి, ఎందుకంటే 30 సెకన్ల కూతలో ఎటు తిరగాలో ముందే తెలియదు, డిఫెండర్ కదలికను బట్టి అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

రోజూ అరగంట వద్దు. వారానికి రెండు రోజులు, వార్మప్ అవగానే, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు, ఒక్కో వైపు పదిసార్ల లోపే, మధ్యలో బాగా విశ్రాంతి ఇచ్చి. అలసిపోయిన కాళ్లతో తిరగడం నేర్పితే మోకాలు వాలే పద్ధతే అలవాటవుతుంది. మిగతా రోజుల్లో గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి రెండు మోకాళ్లూ వంచి లేచే వ్యాయామం, మోకాళ్ల మీద కూర్చుని తోటి అమ్మాయి చీలమండలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం చేయించండి, వెనక తొడ కండరాలు గట్టిపడితే ఏసీఎల్‌కి అవే ఆసరా.