మిద్దెతోట కూరలు అమ్మితే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద మూడేళ్లుగా వంకాయ, బీర, గోంగూర పెంచుతున్నాను. మాకు పోను మిగిలినవి వాట్సాప్‌లో పెట్టి అమ్ముతాను. ఆదివారాలు గేటు బయట చిన్న బల్ల వేస్తాను. ఈ మధ్య గోంగూర పచ్చడి కూడా సీసాల్లో ఇస్తున్నాను. ‘నివాస ప్రాంతంలో వ్యాపారం చట్టవిరుద్ధం, 15 రోజుల్లో కుండీలన్నీ తీసేయాలి’ అని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, నోటీసులో వాళ్లు రాసిన కారణానికి పెద్దగా బలం లేదు. రాయకుండా వదిలేసిన కారణం మాత్రం గట్టిది. మీరు జాగ్రత్త పడాల్సింది దాని గురించే.

ముందు ‘నివాస జోన్’ సంగతి. మాస్టర్ ప్లాన్‌లో జోన్ చూసేది ఆ స్థలాన్ని, కట్టడాన్ని దేనికి వాడుతున్నారన్నది. కుండీల్లో కూరగాయలు పెంచితే ఇల్లు ఇల్లు కాకుండా పోదు. పైగా ఉద్యాన శాఖే కొన్నేళ్ల కిందట నగరవాసులకు సబ్సిడీ మీద మిద్దెతోట కిట్లు ఇచ్చింది. మిగిలిన నాలుగు కట్టలు పక్కింటివాళ్లకు అమ్మడం కూడా దుకాణం కిందికి రాదని నా అభిప్రాయం. అదే హాలును గోడౌన్ చేసి, పనివాళ్లను పెట్టి, రోజూ ఆటోల్లో సరుకు దింపుతుంటే మాత్రం కథ మారుతుంది. నివాస భవనాలను వ్యాపారానికి మళ్లించారని 2006లో ఢిల్లీలో సుప్రీంకోర్టు వాటికి సీలు వేయమనే ఆదేశించింది. మీరు అంత దూరం వెళ్లలేదు కదా.

ఇక ఆ గట్టి కారణం: టెర్రస్ మీ ఒక్కరిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టమే ఇప్పటికీ తెలంగాణలో నడుస్తోంది. దాని ప్రకారం పైకప్పు ఉమ్మడి ఆస్తి. మీ సేల్‌డీడ్ తీసి చూడండి, ఫ్లాటుతో పాటు ‘అవిభాజ్య వాటా’, అంటే విడదీసి పంచలేని ఉమ్మడి వాటా అని ఉంటుంది. వాటా ఉంది కాబట్టి మీరు పైకి వెళ్లొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. మిగతావాళ్లు వద్దంటున్నా సగం టెర్రస్‌ను శాశ్వతంగా ఆక్రమించుకోవడానికి ఆ వాటా చాలదు. మూడేళ్లు ఎవరూ అడగలేదన్నది కోర్టులో నిలిచే వాదన కాదు.

బరువు సంగతి కూడా ఉంది. లాయరుకు శ్లాబు లెక్కలెందుకు అంటారేమో, కోర్టుకెళ్తే అవతలివాళ్లు ముందు తెచ్చేది ఇంజనీరు రిపోర్టే. మనుషులు ఎక్కి తిరిగే శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తారు. అడుగు లోతు మడిలో తడిసిన మట్టి అదే చదరపు మీటరు మీద 500 కిలోల దాకా తూగుతుంది. మీవి మడులా, విడివిడి కుండీలా రాయలేదు. మడులైతే ముందు వాటిని తీసేయండి. కొబ్బరిపీచు పొట్టు ఎక్కువ కలిపిన తేలిక మట్టితో గ్రో బ్యాగులు, అవీ కింద బీములు, స్తంభాలు ఉన్నచోట పెట్టుకోండి. పై అంతస్తు సీలింగులో చెమ్మ కనిపించిందో, ఇక మీ మాట వినేవాళ్లుండరు.

గేటు బయట బల్ల మానేయండి. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ ఆ చట్టం కింద ఇచ్చే వ్యాపారి సర్టిఫికెట్ కావాలంటే తనకు వేరే జీవనాధారం లేదని హామీ రాసివ్వాలి. సొంత ఫ్లాటుండి, ఇంట్లో జీతం వస్తుంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

పచ్చిగోంగూర వేరు, గోంగూర పచ్చడి వేరు. రైతు తన చేను దగ్గర అమ్మే పంటకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తించదని అందులోని సెక్షన్ 18 చెబుతోంది. టెర్రస్ మీద పెంచేవాళ్లను రైతు అనొచ్చా అన్నది వాదించుకోవాల్సిన విషయమే గానీ, పచ్చడికి ఆ మినహాయింపు ఎటు చూసినా దొరకదు. ఆ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు చిన్న వ్యాపారులకు లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలన్నాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పాత హార్లిక్స్ సీసాలో నింపి ఇస్తుంటే ఇక ఆపండి. సీసా మీద ఏమేం వేశారో, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు, 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

గడువులోగా నోటీసుకు జవాబివ్వండి. ‘నేను వ్యాపారం చేయడం లేదు’ అని మాత్రం రాయకండి, మీ వాట్సాప్ మెసేజీలు వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి. టెర్రస్‌లో ఎంత మేర వాడతారో, లీకేజీ వస్తే మరమ్మతు ఖర్చు ఎవరిదో చెప్పి, జనరల్ బాడీలో పెట్టి తీర్మానం చేయమని అడగండి. ఈలోగా వాళ్లంతట వాళ్లే కుండీలు విసిరేసే అధికారం అసోసియేషన్‌కు లేదు, అందుకు కోర్టుకు వెళ్లాల్సిందే. జవాబు స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈ రోజే టెర్రస్ ఫొటోలు తేదీ పడేలా తీసి పెట్టుకోండి.