నగిషీకి ఉలి తప్పనిసరా?

సందేహం: హైకోర్టు భవనం మీద "నగిషీలు చెక్కారు" అని ఒక వ్యాసంలో చదివాను. చార్మినార్ గురించీ అదే మాట రాశారు. నగిషీ అంటేనే చెక్కడం కదా, ఇది పునరుక్తి కాదా? నగ నుంచే నగిషీ వచ్చిందంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

సమాధానం: పునరుక్తి కాదమ్మా. నగతో దీనికి చుట్టరికమూ లేదు. వినడానికి బాగున్నంత మాత్రాన వ్యుత్పత్తి అయిపోదు.

దీని మూలం అరబ్బీ 'నక్ష్'. గీసినా, రంగు వేసినా, చెక్కినా ఆ పని నక్షే. ఆ పనివాడు నక్కాష్, అతని విద్య నక్కాషీ. పారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చి, తెలుగువారి నోట మెత్తబడి నగిషీ అయింది. పట్వారీ దస్త్రంలోని గ్రామ నక్షా దీని తోబుట్టువే. చేర్యాలకు వెళ్లి చూడండి. గుడ్డ మీద కులపురాణాలు చిత్రించే కళాకారులను నకాషీలంటారు. వారి చేతిలో ఉండేది కుంచె, ఉలి కాదు. నిర్మల్‌లోనూ ఆ పేరు ఉంది. కాబట్టి నగిషీ అంటే అలంకారం. చెక్కడం దాన్ని సాధించే దారుల్లో ఒకటి. మాటల్లో నగిషీ అన్నప్పుడూ ఈ అర్థమే.

ఇక మీరు చదివిన రెండు వాక్యాలు. 1920లో ప్రారంభమైన హైకోర్టుకు ఎర్ర ఇసుకరాయి వాడారు. ఉలికి లొంగే రాయి అది. అక్కడ "నగిషీలు చెక్కారు" నిక్షేపంగా రాయవచ్చు. 1591 నాటి చార్మినార్ సంగతి వేరు. కట్టడం రాతిదే, పైనున్న పూలూ లతలూ మాత్రం గచ్చువి, అంటే సున్నపు పూతతో తీర్చినవి. దగ్గరగా చూస్తే రేకుల అంచులు అచ్చులోంచి తీసిన పిండివంటలా మెత్తగా కనిపిస్తాయి. 2019 మే నెలలో వానకు ఒక మినారు నుంచి ఊడిపడింది ఈ గచ్చు పెచ్చే. గచ్చు కూడా పారసీ మాటే; మనకు అది నేలకూ పేరైంది.

ఇంత చక్కని మాటలుండగా, నాలుగు ఆకులూ రెండు పూలూ కనబడగానే "శిల్పకళా వైభవం ఉట్టిపడుతోంది" అని రాసేయడం నాకు బాధగా ఉంటుంది. రాతి నగిషీ, గచ్చు పని, జాలీ (చిల్లుల అల్లిక) పని అని విడివిడిగా చెబితే చదివేవారి కంటికి ఆ గోడ కనబడుతుంది. శిల్పం అన్న మాటను రామప్ప గుడిలోని మదనికల రాతి బొమ్మలకు మిగల్చండి.

చార్మినార్‌కు "గచ్చు నగిషీ" అనడమే నాకు ఇష్టం. అయితే గచ్చు పచ్చిగా ఉండగానే పనిముట్టుతో కోసి పువ్వు తీర్చే పద్ధతీ ఉంది. అందువల్ల అక్కడ "చెక్కారు" అన్నవారిది పూర్తిగా తప్పని తేల్చలేను.